పత్తి కట్టింది, పేదరికం కాపాడింది: వాక్సహాచీ కోర్టు బజారు కథ

డల్లాస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే రెండో వారానికల్లా ఒక ఇబ్బంది మొదలవుతుంది. కెనెడీని కాల్చిన చోటు చూపించేస్తాం. గుళ్లు తిప్పేస్తాం. కాస్ట్‌కో షాపు రెండుసార్లు అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలో తోచదు. అలా తోచకే ఒక శనివారం మా నాన్నని వాక్సహాచీ తీసుకెళ్లాను. డల్లాస్‌కి దక్షిణంగా 30 మైళ్ల దూరం. ఎల్లిస్ కౌంటీకి ముఖ్యపట్టణం.

నాన్న కారు దిగి, ఊరి నడిబొడ్డున గులాబీ, ఎరుపు రాళ్లతో లేచిన కోర్టు భవనం వంక మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. "ఇంత ఊరికి ఇంత కోర్టా? డబ్బెక్కడిదిరా వీళ్లకి?" అన్నారు. చుట్టూ ఉన్న బజారు ఒక రౌండు వేసి వచ్చాక ఇంకో ప్రశ్న వేశారు. "మరి ఇన్నేళ్లూ ఎవడూ పడగొట్టకుండా ఎలా వదిలేశాడు?"

రెండో ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. మా ఊరి మెయిన్ రోడ్డులో ఆయన చిన్నప్పటి పెంకుటిళ్లు, మేడలు ఒక్కటంటే ఒక్కటి లేవు. అన్నీ కాంప్లెక్సులే. కింద సెల్‌ఫోన్ షాపు, పైన కోచింగ్ సెంటరు.

ఆ రోజు నేను చెప్పిన జవాబు అందరూ చెప్పేదే. "వీళ్లకి చరిత్ర అంటే గౌరవం నాన్నా" అన్నాను. తర్వాత ఆ ఊరి సంగతులు చదువుతూ పోతే నా జవాబు సగానికి పైగా తప్పని తేలింది. గౌరవం వచ్చిన మాట నిజమే గానీ, చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా ఆ భవనాల్ని కాపాడింది ఇంకోటి.

ఊరి మధ్యలో కోర్టు ఎందుకు?

కౌంటీ అంటే మనం జిల్లా అనేస్తాం. సైజులో చూస్తే మన పాత తాలూకాకి కాస్త పెద్ద, అంతే. టెక్సాస్‌లో ఇవి 254 ఉన్నాయి. ఎల్లిస్ కౌంటీ విస్తీర్ణం సుమారు 950 చదరపు మైళ్లు. భూమి రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, వీలునామా, పెళ్లి లైసెన్సు, దొంగతనం కేసు, ఏదైనా సరే కౌంటీ ముఖ్యపట్టణానికి రావాల్సిందే. గుర్రబ్బండి కాలంలో రైతు పొద్దున్నే బయల్దేరి, పని చూసుకుని, మరీ రాత్రి కాకుండా ఇల్లు చేరాలి. అందుకని ముఖ్యపట్టణం కౌంటీకి నడిమధ్యలో ఉండాలన్న పట్టుదల ఉండేది. 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగంలో దీనికి లెక్క కూడా రాసిపెట్టారు. మధ్య బిందువుకి 5 మైళ్ల కంటే దూరంగా ఉన్న ముఖ్యపట్టణాన్ని ఆ 5 మైళ్ల లోపలికి తేవాలంటే మామూలు మెజారిటీ చాలు. ఇంకెటు జరపాలన్నా మూడింట రెండొంతుల ఓట్లు పడాలి.

ఎల్లిస్ కౌంటీని 1849 చివర్లో ఏర్పాటు చేశారు. మరుసటి ఏడు ముఖ్యపట్టణం ఎక్కడన్న ప్రశ్న వస్తే, ఎమొరీ రోజర్స్ అనే ఆయన తన భూమి ఇస్తానని ముందుకొచ్చాడు. దానమే, కాదనలేం. కాకపోతే ఇవ్వగా మిగిలిన భూమి కూడా ఆయనదే. 'కలెక్టరేట్ ఇటువైపే వస్తుందట' అన్న ఒక్క మాటకి ప్లాట్ల రేట్లు ఎలా లేస్తాయో మనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఈనాటికీ కోర్టు పక్క వీధి పేరు రోజర్స్ స్ట్రీట్. ఎదురుగా ఉన్న పాత హోటల్ పేరు రోజర్స్ హోటల్.

ఊరి పేరు సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. స్థానిక తెగల భాషలో ఆవు అనో అడవిదున్న అనో అర్థమని చాలాకాలం చెప్పుకున్నారు. విచిటా అనే తెగ భాషలో 'బలిసిన అడవిపిల్లి' అని అర్థమంటూ ఈమధ్య ఇంకో వాదన వచ్చింది. నాకైతే పిల్లే నచ్చింది.

ఇక ఊరి ప్లాను. గళ్ల నోటుబుక్కు కాగితంలా వీధులు గీసి, మధ్యలో ఒక గడిని ఖాళీగా వదిలి, అందులో కోర్టు కట్టారు. చుట్టూ నాలుగు వీధులు, వాటికి అటు పక్క కోర్టు వైపు మొహం పెట్టి నిలబడ్డ దుకాణాలు. టెనెస్సీ రాష్ట్రంలోని షెల్బీవిల్ అనే ఊళ్లో 1810 ప్రాంతంలో ఈ పద్ధతి కుదిరింది కాబట్టి భూగోళ శాస్త్రవేత్తలు దీన్ని షెల్బీవిల్ స్క్వేర్ అంటారు. అక్కడి నుంచి వలస వచ్చిన జనం దాన్ని టెక్సాస్ దాకా మోసుకొచ్చారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, గుడి, దాని చుట్టూ నాలుగు మాడవీధులు. వాక్సహాచీలో ఆ మాడవీధుల పేర్లు మెయిన్, కాలేజ్, ఫ్రాంక్లిన్, రోజర్స్. గర్భగుడిలో ఉన్నది మాత్రం దేవుడు కాదు, భూమి రికార్డులు. వాటి కోసం వచ్చినవాడు తిరిగి వెళ్తూ ఉప్పూ పప్పూ, గుడ్డా, నాగలి కొనుక్కుపోతాడు. మొత్తం బజారు వ్యాపారం ఆ రాకపోకల మీదే నడిచేది.

డబ్బెక్కడిది?

దీనికి జవాబు నాన్న కాళ్ల కిందే ఉంది. ఊరి బయట రోడ్డు పక్కన ఆపినప్పుడు ఒక మట్టిగడ్డ తీసి నలిపి చూశారు. "ఇది మన రేగడేరా" అన్నారు. ఆయన పొరబడలేదు. డల్లాస్ నుంచి శాన్ ఆంటోనియో వైపు పట్టీలాగా పరుచుకున్న ఈ నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే చేయి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. మన నల్లరేగడీ ఇదీ మట్టి శాస్త్రం లెక్కలో ఒకే జాతి, వెర్టిసాల్. ఇక్కడి మట్టి రకం 'హ్యూస్టన్ బ్లాక్'ని టెక్సాస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకుంటారు కూడా. ఇంకో ముచ్చట. ఈ తరహా నేలకి పుస్తకాల్లో వాడే 'రెగుర్' అనే మాట మన తెలుగు రేగడ నుంచి పోయిందే.

నల్లరేగడి ఉందంటే పత్తి ఉంటుంది. కానీ పండిన పత్తి బయటికి పోవాలి కదా. 1872లో హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ రైలు ఈ కౌంటీ మీదుగానే వెళ్లింది గానీ, వాక్సహాచీని వదిలేసి తూర్పున ఎన్నిస్ అనే కొత్త ఊరిని పుట్టించుకుంది. రైలు తప్పిన ఊళ్లు ఆ రోజుల్లో ఎండిపోయేవి. ఊరి పెద్దలు పట్టుబట్టి 'వాక్సహాచీ ట్యాప్' పేరుతో 12 మైళ్ల చిన్న లైను వేయించి 1879లో దాన్ని మెయిన్ లైనుకి కలిపారు. ట్యాప్ అంటే ఇక్కడ కుళాయి కాదు, పెద్ద కాలవ నుంచి తీసిన పిల్ల కాలవ లాంటిది. అయితే ఆ తర్వాత పారింది మాత్రం డబ్బే. 1900 ప్రాంతానికి మొత్తం అమెరికాలో పత్తి ఎక్కువగా పండించే కౌంటీల్లో ఎల్లిస్ ముందు వరసలో నిలబడింది.

దాన్ని ఒక బండి లెక్కలో చూద్దాం. గింజతో ఉన్న పత్తి సుమారు 1,500 పౌండ్లు బండికెత్తి జిన్నింగ్ మిల్లుకి తోలితే, గింజ పోగా ఇంచుమించు 500 పౌండ్ల దూది వస్తుంది. అదే ఒక బేలు. బండికో బేలు. నాన్న వెంటనే మనసులో క్వింటాళ్లలోకి మార్చుకుని, "ఏడు క్వింటాళ్లకి రెండుంపావు దూది, బానే ఉంది" అన్నారు. మిల్లు దగ్గర నుంచి బేలు తీసుకుని రైతు బజారులోకి వస్తాడు. కొనుగోలుదారు బేలుని కోసి, గుప్పెడు దూది పీకి, వేళ్ల మధ్య సాగదీసి పోగు పొడవు చూసి రేటు చెప్తాడు. డబ్బు చేతిలో పడ్డ గంటలోపే అందులో చాలా భాగం అదే బజారులో దిగిపోతుంది.

నిజానికి చాలామందికి చేతిలో పడేది కూడా ఏమీ ఉండేది కాదు. పొలం దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు, పాలికాపులు. తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు. విత్తనాల నుంచి పిండిదాకా షాపులో ఖాతా. పంట మీదే హామీ. కోతలయ్యాక లెక్క చూస్తే షాపువాడికే ఇంకా బాకీ. పురుగుమందుల షాపులో అప్పు పెట్టి, పత్తి వచ్చాక అదే షాపువాడికి తోలే రైతు మనకి కొత్తేం కాదు. స్క్వేర్ చుట్టూ ఉన్న ఇటుక మేడల్ని 'పత్తి సంపద' అని బోర్డులు రాస్తారు. నేనైతే వడ్డీ సంపద అని కూడా కలుపుతాను.

ఇంకో ముక్క ఉంది. 1881లో టెక్సాస్ శాసనసభ కౌంటీలు కోర్టులు కట్టుకోవడానికి బాండ్లు అమ్ముకోవచ్చని చట్టం చేసింది. అంటే చేతిలో సొమ్ము లేకపోయినా, రాబోయే పన్నుల మీద అప్పు తెచ్చి కట్టేయొచ్చు. అంతే, పక్క కౌంటీవాడు టవర్ లేపితే మనం ఇంకో పదడుగులు పైకి లేపాలన్న పోటీ మొదలైంది. ఈరోజు టెక్సాస్‌లో మనం నోరెళ్లబెట్టి చూసే కోర్టుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో లేచినవే.

గోర్డన్ కోర్టు, గోడల మీది మొహాలు

వాక్సహాచీలో ఇప్పుడు కనిపించేది నాలుగో కోర్టు. మొదట దుంగలది, తర్వాత చెక్కది, ఆ తర్వాత 1870ల్లో రాతిది. పత్తి డబ్బు వచ్చాక ఆ రాతి భవనం చిన్నబోయింది. దాన్ని తీసేసి 1895లో కొత్తది మొదలుపెట్టి 1897కి ముగించారు. చరిత్రంటే గౌరవం అన్నాను కదా, ఆ గౌరవం ఉన్న చోట పాతికేళ్లు కూడా నిండని రాతి కోర్టుని తీసేయడం ఏమిటో మీరే ఆలోచించండి. డబ్బున్నప్పుడు ఈ ఊరు కూడా పడగొట్టింది.

ఆర్కిటెక్ట్ పేరు జేమ్స్ రైలీ గోర్డన్. శాన్ ఆంటోనియోలో ఆఫీసు. అప్పటికి వయసు ముప్పై దాటి కొద్దిగా. టెక్సాస్ కౌంటీలకి కోర్టులు గీసిపెట్టడం ఆయనకి ఒక ప్రత్యేక వ్యాపారం లాంటిది. డల్లాస్‌కి వాయవ్యంగా డికేటర్ ఊళ్లో 1896 నాటి వైజ్ కౌంటీ కోర్టు ఉంది, చూస్తే దీనికి కవల పిల్ల. ఒక పెళ్లి కార్డు డిజైన్ పేర్లు మార్చి ఇంకో పెళ్లికి వాడినట్టు, కుదిరిన ప్లానుని ఆయన రాయి మార్చి, టవర్ మార్చి మళ్లీ మళ్లీ వాడుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, ప్లాను అంత బాగా కుదిరింది.

ఏమిటి ఆ ప్లాను? పైనుంచి చూస్తే భవనం ప్లస్ గుర్తులా ఉంటుంది. ప్లస్‌కి నాలుగు మూలల్లో ఏర్పడే సందుల్లో ద్వారాలు, వాటి ముందు కమానుల వసారాలు. నడిమధ్యన మెట్లు తిరుగుతూ పైకి పోతాయి, ఆ మెట్ల బావి నెత్తి మీదే టవర్. టెక్సాస్ వేసవి గురించి తెలిసినవాడు గీసిన బొమ్మ ఇది. మూలల్లోని వసారాల నీడ నుంచి గాలి లోపలికి వస్తుంది, గదుల్లో వేడెక్కి మధ్య బావిలోకి చేరి టవర్ గుండా పైకి పోతుంది. కరెంటు ఫ్యాన్లు ఊరూరా లేని కాలంలో భవనమే ఊపిరి తీసుకోవాలి. గోదావరి వైపు మండువా లోగిలిలో పెరిగినవాళ్లకి ఈ కిటుకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో ఆకాశం చూపిస్తే ఇల్లంతా చల్లబడుతుంది.

గోడలకి వాడింది మధ్య టెక్సాస్ గులాబీ గ్రానైటు, పశ్చిమాన పేకస్ నది వైపు నుంచి తెచ్చిన ఎర్ర ఇసుకరాయి. శైలిని రోమనెస్క్ రివైవల్ అంటారు. లావుపాటి గోడలు, అర్ధచంద్రాకారపు కమానులు, పొట్టి స్తంభాలు. హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ అనే ఆర్కిటెక్ట్ పిట్స్‌బర్గ్ కోర్టుతో దేశమంతా ఫ్యాషన్ చేసిపెట్టిన పద్ధతి ఇది. పత్తి ఊళ్లకి ఇది బాగా నప్పింది. దూరం నుంచి కోటలా కనిపిస్తుంది. 'మేం ఎక్కడికీ పోం' అని రాళ్లతో చెప్పినట్టుంటుంది.

జనం మాత్రం ఇక్కడికి వచ్చేది కోట కోసం కాదు, మొహాల కోసం. వసారాల స్తంభాల తలల మీద, ఎర్ర ఇసుకరాతిలో ఆకుల మధ్య నుంచి తొంగిచూసే మనుషుల మొహాలు చెక్కి ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒకటి చక్కటి అమ్మాయి మొహం, జుట్టు ఆకుల్లోకి కలిసిపోయి ఉంటుంది. ఇంకోచోట చూస్తే బుగ్గలు జారి, కళ్లు ఉబ్బి, పళ్లు బయటపెట్టిన వికారం. ఊరివాళ్లు చెప్పే కథ ఇది. హ్యారీ అనే శిల్పి పని కోసం ఊరికొచ్చాడు. బోర్డింగ్ హౌస్‌లో దిగాడు. ఆ ఇంటి పిల్ల మేబెల్ మీద మనసు పడ్డాడు. మొదట్లో ఆమె మొహాన్ని ప్రేమగా చెక్కాడు. ఆమె కాదన్నకొద్దీ ఉలి విషం కక్కింది. చివరికొచ్చేసరికి దయ్యం మొహం మిగిలింది.

సినిమాకి సరిపోయే కథ. చరిత్ర రాసేవాళ్లు రికార్డులు తిరగేసి దీనికి ఆధారం లేదంటారు. నాకు రికార్డుల కంటే ముందు ఇంకో అనుమానం వచ్చింది. ఇంత పెద్ద కాంట్రాక్టులో, ఆర్కిటెక్టూ కాంట్రాక్టరూ కమిషనర్లూ చూస్తుండగా, ఒక కూలి శిల్పి తన పగనంతా స్తంభాల మీద తీర్చుకుంటుంటే ఎవరూ ఏమీ అనలేదా? రోమనెస్క్ అనే శైలే మధ్యయుగాల యూరప్ చర్చిల నుంచి దిగింది. ఆ చర్చిల స్తంభాల మీద ఇలాగే ఆకుల్లో మొహాలుంటాయి, అందమైనవీ ఉంటాయి, నాలుక చాచినవీ ఉంటాయి. మన గుడి తోరణాల మీద గుడ్లురిమే కీర్తిముఖాన్ని ఏ ప్రేమ విఫలమై చెక్కారు? అందం పక్కన వికారం పెట్టడం శిల్పుల పాత అలవాటు.

అయినా ఈ కథ కొట్టిపారేయదగ్గది కాదు. కోర్టు అంటే పన్నులు, జప్తులు, శిక్షలు. అలాంటి భవనాన్ని ప్రేమించాలంటే ఊరికి ఒక కథ కావాలి. మేబెల్ కథ వినడానికి వచ్చినవాళ్లే తర్వాత ఆ రాళ్లని బాగుచేయించాలన్నప్పుడు వెనక నిలబడ్డారని నా లెక్క.

చుట్టూ ఉన్న బజారు

కోర్టు చూసి వెనక్కి తిరిగితే దుకాణాల వరస. సన్నటి ముందుభాగాలు, వెనక్కి పొడుగ్గా పోయే కొట్లు, రెండు అంతస్తులు. కింద పెద్ద అద్దాలతో షాపు, పైన లాయర్లు, పళ్ల డాక్టర్లు, సంఘాల హాళ్లు. చెక్క కొట్లు ఒకటంటుకుంటే వరసంతా పోయేది కాబట్టి, డబ్బు రాగానే అందరూ ఇటుకలోకి దిగారు. దక్షిణం వైపు కాలేజ్ స్ట్రీట్‌లో ఫ్రీమేసన్లు అనే సంఘం వాళ్ల 1889 నాటి మేసనిక్ హాలు ఇప్పుడు ఎల్లిస్ కౌంటీ మ్యూజియం. పత్తి గురించి నేను చెప్పినవన్నీ వస్తువుల రూపంలో చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

ఇలాంటి భవనం ఎప్పటిదో కనుక్కోవడానికి ఒక మంచి దారి ఉంది, అమెరికాలో ఏ పాత ఊరికైనా పనికొస్తుంది. శాన్‌బార్న్ అనే కంపెనీ అగ్నిప్రమాద బీమా వాళ్ల కోసం ఊరూరి మ్యాపులు గీసేది. ఒక్కో భవనం ఆకారం, అంతస్తులు, లోపల ఏ వ్యాపారం, గోడ దేనిది అన్నీ ఉంటాయి. గులాబీ రంగు వేస్తే ఇటుక, పసుపైతే చెక్క, నీలమైతే రాయి. కొన్నేళ్లకోసారి మళ్లీ గీసేవాళ్లు. రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకుంటే పసుపు గడులు గులాబీలోకి మారడం కనిపిస్తుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. జాగ్రత్త, ఒకసారి తెరిస్తే రాత్రి రెండయ్యేదాకా నిద్రపోరు.

రోజర్స్ హోటల్ సంగతి ఇందాక అన్నాను. అంతకుముందున్నది కాలిపోతే 1912-13లో ఇప్పటి భవనం కట్టారు. 1916 నుంచి మూడేళ్లు డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు వసంతకాలపు ప్రాక్టీసుకి ఈ ఊరికొచ్చేది. టై కాబ్ అంతటివాడు ఈ వీధుల్లో తిరిగాడు. పడమరగా నాలుగడుగులు వేస్తే 1905లో తెరిచిన సిమ్స్ లైబ్రరీ. ఆ రోజుల్లో చిన్న ఊళ్ల లైబ్రరీలకి చాలావాటికి కార్నెగీ అనే ఉక్కు కోటీశ్వరుడి డబ్బు దిక్కు. ఇది మాత్రం నికొలస్ సిమ్స్ అనే స్థానికుడు వీలునామాలో రాసిచ్చిన సొమ్ముతో వెలిసింది.

పడగొట్టకుండా ఎలా వదిలేశారు?

ఊరి జనాభా లెక్కలు చూస్తే నాన్న రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 1900లో 4,215. 1920కి 7,958. అంటే ఇరవై ఏళ్లలో దాదాపు రెట్టింపు. 1930లో 8,042. 1940లో 8,655. బండి ఆగిపోయింది.

కారణాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. 1890ల్లో మెక్సికో వైపు నుంచి దక్షిణ టెక్సాస్‌లోకి దిగిన బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు పత్తి కాయల్ని తొలుచుకుంటూ ఉత్తరానికి ఎగబాకింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1920లో పత్తి ధర కుప్పకూలింది. తర్వాత మహా మాంద్యం. 1902లో వచ్చి ఊరికి కాలేజీ కళ తెచ్చిన ట్రినిటీ యూనివర్సిటీ 1942లో శాన్ ఆంటోనియోకి తరలిపోయింది. 1912 నుంచి డల్లాస్‌కి నడిచిన కరెంటు రైలు 1948 చివర్లో ఆగింది. ఆగేలోపు అది చేయాల్సింది చేసేసింది, ఊళ్లోవాళ్లకి డల్లాస్ పెద్ద షాపులు అలవాటు చేసింది. ఆ మీదట ఇంటర్‌స్టేట్ హైవే ఊరి పక్కనుంచి పోయింది.

పాత భవనం ఎప్పుడు కూలుతుంది? ఆ స్థలంలో ఇంకా పెద్దది కడితే లాభం అనుకున్నప్పుడు. డల్లాస్ నడిబొడ్డున ఆ లాభం ఎప్పుడూ కనబడుతూనే ఉంది కాబట్టి అక్కడ వీధులకి వీధులు మారిపోయాయి. వాక్సహాచీలో మేడ పడగొట్టి కొత్తది కట్టే మొనగాడు లేడు, కట్టినా అద్దెకొచ్చేవాడు లేడు. కాబట్టి అవి అలాగే నిలబడి ఉన్నాయి. రంగు వెలిసి, పై అంతస్తులు ఖాళీ అయ్యి, పావురాలు చేరి. ఈ ఊరివాడే అయిన దర్శకుడు రాబర్ట్ బెంటన్ 1930ల కథ ఒకటి రాసుకుని ఇక్కడే సినిమా తీశాడు. అది 1984లో విడుదలై రెండు ఆస్కార్లు గెలుచుకుంది. యాభై ఏళ్ల కిందటి ఊరు కావాలంటే ఆయన ఎక్కడికో పోనక్కర్లేకపోయింది, సొంతూరు అలాగే ఉంది. ఆ మాటని ఊరు పొగడ్తగానే తీసుకుంది.

అయితే డబ్బు లేకపోవడం ఒక్కటే చాలదు. కొంతకాలం కాపాడిన పేదరికమే ఇంకొంతకాలానికి పైకప్పు కారబెట్టి కూల్చేస్తుంది. సరిగ్గా ఆ సమయానికి చట్టం వచ్చింది. 1971 నుంచి టెక్సాస్‌లో కోర్టు భవనాన్ని కూల్చాలన్నా, అమ్మాలన్నా కౌంటీ ఆరు నెలల ముందు రాష్ట్ర చారిత్రక సంఘానికి చెప్పాలి. 1975లో వాక్సహాచీ కోర్టూ చుట్టూ బజారూ కలిపి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరాయి. 1998లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాల జాబితాలో టెక్సాస్ కోర్టులన్నిటినీ కలిపి పెట్టింది. అది అధికారంలో ఉన్నవాళ్లకి కాస్త సిగ్గనిపించింది కాబోలు, 1999లో రాష్ట్రం కోర్టుల పునరుద్ధరణకి ప్రత్యేక నిధి మొదలుపెట్టింది. అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్. రాష్ట్రం కొంత, కౌంటీ కొంత వేసుకుని పని చేయించాలి. ఎల్లిస్ కౌంటీ తొలి విడతల్లోనే ఆ డబ్బు అందుకుంది.

ఆ పని జరుగుతున్నప్పుడు నేలమాళిగలో ఒకటి బయటపడింది. నీళ్లు తాగే చోటి పైన, గోడ మీద, పాత రంగు పొరల కింద 'నీగ్రోస్' అన్న అక్షరాలు. తెల్లవాళ్లకి వేరే కుళాయి, వీళ్లకి ఇది. చెరిపేయాలా, ఉంచాలా? ఉంచారు. 2020లో ఆ అక్షరాల మీద మళ్లీ పెద్ద చర్చే నడిచింది. బయట పచ్చిక మీద 1912లో నిలబెట్టిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం ఉంది. బానిసత్వం కోసం పోరాడిన పక్షం సైనికుడు. పైన ఎండలో విగ్రహం, కింద చీకట్లో ఆ అక్షరాలు. పత్తి ఏరిన చేతులు ఏ కుళాయి దగ్గర నీళ్లు తాగాయో తెలియకుండా ఈ కోర్టు చూసిన లెక్క పూర్తికాదు. నాన్నకి ఆ అక్షరాల గురించి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా హోటల్లో రెండు రకాల గ్లాసులుండేవి" అన్నారు.

ఇప్పుడు డబ్బు మళ్లీ వస్తోంది. నిజానికి ఒకసారి వచ్చినట్టే వచ్చి పోయింది. 1988లో సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ అనే భౌతికశాస్త్ర ప్రయోగశాలకి ఈ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఊరి చుట్టూ భూగర్భంలో 54 మైళ్ల వలయం తవ్వాలి. 14 మైళ్లకి పైగా తవ్వి, సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993లో అమెరికన్ కాంగ్రెస్ ఆపేసింది. అది పూర్తయి, ప్రపంచం నలుమూలల నుంచి సైంటిస్టులు దిగి ఉంటే ఈ స్క్వేర్ చుట్టూ ఎన్ని గాజు మేడలు లేచేవో. ఈసారి మాత్రం డబ్బు డల్లాస్ నుంచి పాకుతూ వస్తోంది. 2000లో 21,426 ఉన్న జనాభా 2020కి 41,140 అయ్యింది. ఊరి అంచుల్లో పత్తి చేలు ఉన్న చోట ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్లు లేస్తున్నాయి. స్క్వేర్‌లో కాఫీ షాపులు, పురాతన వస్తువుల కొట్లు. కోర్టు పని చాలావరకు దగ్గర్లోనే కట్టిన కొత్త భవనంలోకి మారింది. పాత కోర్టు మెట్ల మీద ఇప్పుడు లాయర్ల కంటే పెళ్లి ఫొటోలవాళ్లే ఎక్కువ.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది. ఆ రోజు పునాది తడపాల్సిన రోజు. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్లందరికీ తెలిసిన తంటాయే ఇది. వేసవిలో రేగడి కుంచించుకుపోయి పునాది పగలకుండా, ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి నీళ్లు వదులుతాం. నేను వాల్వు తిప్పుతుంటే నాన్న గోడ వారగా ఉన్న నెర్రెలోకి వేలు పెట్టి లోతు చూశారు.

"ఇందులో ఇల్లు కట్టారేమిట్రా, పత్తి వేసుకోక."